జీఐ రేకు మోటార్‌హోమ్‌కి రంగు వేసే ముందు: విశాఖ గాలికి ప్రైమర్ నిలబడాలంటే, తరచుగా అడిగే ప్రశ్నలు

పాత మినీ బస్సు కొని మోటార్‌హోమ్‌గా మార్చుకున్న దగ్గర్నుంచి నన్ను ఎక్కువమంది అడిగేది లోపల మంచం గురించో వంటగట్టు గురించో కాదు, బయట రేకు గురించే. అడగడానికి కారణం ఉంది. మొదటిసారి ఒక షెడ్డులో వేయించిన రంగు ఒక్క వర్షాకాలం కూడా ఆగలేదు. తలుపు వెనక రేకు మీద గోరుతో గీరితే అరచేయంత పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది, దాంతోపాటు రంగుకి ముందు వేసిన ప్రైమర్ కూడా వచ్చేసింది, కింద రేకు మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. రెండోసారి మధురవాడలో ఇంటి ముందు స్థలంలో నేనే, మా తమ్ముడి సాయంతో మొత్తం తీసి మళ్లీ చేశాను. అప్పుడు తెలుసుకున్నవీ, చేసి చూసినవీ ఇక్కడ రాస్తున్నాను.

రేకు అంత శుభ్రంగా ఉన్నప్పుడు రంగు ఎందుకు ఊడుతుంది?

ఆ మెరుపు వల్లే. జీఐ రేకు అంటే ఉక్కు రేకును సుమారు 450 డిగ్రీల వేడిలో కరిగిన జింక్‌లో ముంచి తీసినది. మనం రంగు వేసేది ఉక్కు మీద కాదు, జింక్ మీద. ఉక్కుకి పనికొచ్చేవన్నీ జింక్‌కి పనికిరావు.

మన దగ్గర బాడీ పని చేసేవాళ్లకి చేతికి అలవాటైన డబ్బా రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, దాని మీద ఎనామెల్. మామూలుగా దొరికే రకాలు రెండూ నూనె కలిపి చేసే ఆల్కిడ్ అనే జిగురుతో తయారైనవే. తేమ తగిలినప్పుడు ఆ నూనెలోని కొవ్వు ఆమ్లాలు జింక్‌తో కలిసి సబ్బులాంటి పొర తయారవుతుంది, ఇది పోలికకి చెప్పడం కాదు, నిజంగానే జింక్ సబ్బు. వేసిన రోజు అద్దంలా కనిపిస్తుంది, రెండు మూడు నెలలు ఏమీ కాదు, తర్వాత రంగుకీ రేకుకీ మధ్య ఆ సబ్బు పొర పెరిగి మొత్తం పెచ్చులుగా లేస్తుంది. మా బండికి జరిగింది అదే. రంగు ఖరీదైనదా చవకదా అన్నదానికి దీంతో సంబంధం లేదు, మొదటి పొర ఏమిటన్నదే చూడాలి.

ఇంకో కారణం ఫ్యాక్టరీలో రాసే పూత. దాని గురించి కింద విడిగా చెప్తాను.

నా బండిది జీఐ రేకా, అల్యూమినియమా, మామూలు ఇనుమా? ఎలా తెలుస్తుంది?

ముందు అయస్కాంతం పెట్టండి. అంటుకోకపోతే అల్యూమినియం లేదా ఫైబర్, ఈ పేజీ మీకు అక్కర్లేదు. అంటుకుంటే ఎక్కడైనా కనపడని చోట, బానెట్ లోపలో సీటు కిందో, రంగు గీకి చూడండి. తెల్లటి బూడిద రంగు మెరుపు, దాని మీద పువ్వుల్లాంటి మచ్చలు కనిపిస్తే జీఐ. ఈ మధ్య వచ్చే రేకుల్లో పువ్వులు చాలా చిన్నగా ఉంటాయి, అసలు కనపడకపోవచ్చు కూడా. అందుకని గీకిన చోట తడిగుడ్డ వేసి ఒక రాత్రి ఉంచండి, పొద్దున్నకి ఎర్ర తుప్పు వస్తే మామూలు ఇనుము, రాకపోతే జింక్ ఉన్నట్టే.

ఒక మాట. కంపెనీ నుంచి రంగుతో వచ్చిన వ్యాన్‌నే మోటార్‌హోమ్ చేసుకుని ఉంటే, ఆ రంగు గట్టిగా ఉన్నంత వరకు రేకు దాకా గీకే పని పెట్టుకోకండి. ఫ్యాక్టరీలో కరెంటుతో పట్టించిన ప్రైమర్ అది, అంత మంచి పొరని మీరూ నేనూ షెడ్డులో వేయలేం. 320 నంబర్ వాటర్ పేపర్‌తో పై మెరుపు పోయేలా రుద్ది దాని మీదే వేసుకోండి. ఇక్కడ చెప్పేదంతా బస్సు బాడీలు కట్టేవాళ్ల దగ్గర కొత్తగా కొట్టించిన జీఐ ప్యానెల్స్ గురించి.

కొత్త రేకు మీద ఏదో పూత ఉంటుందంటారు, అది ఏమిటి?

జింక్ రేకులు చుట్టలుగా చాలా దూరం ప్రయాణం చేస్తాయి. మన స్టీల్ ప్లాంట్‌లో తయారయ్యేవి కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిళ్ల లాంటివి, రేకులు కావు, కాబట్టి మనకొచ్చే రేకంతా బయటి నుంచే రావాలి. దారిలో తేమ తగిలి తెల్లగా బూజు పట్టినట్టు అవకుండా ఫ్యాక్టరీలో పలుచని నూనెగానీ, క్రోమేట్ పూతగానీ రాస్తారు. నూనె కడిగితే పోతుంది. క్రోమేట్ కంటికి కనపడదు, కడిగినా పోదు, ప్రైమర్‌ని అంటనివ్వదు.

దీన్ని పట్టుకోవడానికి మంచి పరీక్ష ఉంది, ఖర్చు దాదాపు లేదు. ఎరువుల షాపులో మైలుతుత్తం దొరుకుతుంది కదా, అది 2 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్లలో కలపండి. రేకు మీద ఒక చోట వాటర్ పేపర్‌తో బాగా రుద్దండి, పక్కనే రుద్దని చోటు వదిలేయండి, రెండింటి మీదా చెరో బొట్టు వేయండి. వేసేముందు రెండు చోట్లా జిడ్డు లేకుండా తుడిచి ఉండాలి. రుద్దిన చోట వెంటనే నల్లబడుతుంది. రుద్దని చోట కూడా అంతే వేగంగా నల్లబడితే పూత లేదు. అక్కడ మాత్రం మెరుస్తూనే ఉంటే పూత ఉన్నట్టు, దాన్ని రుద్ది తీయాలి. పరీక్ష అయ్యాక బొట్టు పడిన చోటు బాగా కడిగి, ఆ నలుపు పోయేలా రుద్దేయండి. మైలుతుత్తంలోని రాగి అక్కడే ఉండిపోతే దాని చుట్టూ జింక్ తొందరగా తినేస్తుంది.

దేనితో కడగాలి? బోరు నీళ్లు పనికొస్తాయా?

మొత్తం పనిలో నేను ఎక్కువ రోజులు పెట్టింది దీని మీదే, మీరు కూడా పెట్టండి అని బతిమాలుతున్నాను. బీచ్ రోడ్డు పక్కనో, రుషికొండ దగ్గరో, భీమిలి దారిలోనో బండి రెండు రోజులు నిలబెడితే చాలు, రేకు మీద చెయ్యి పెట్టి నాలుకకి తాకించుకుంటే ఉప్పగా ఉంటుంది. ఆ ఉప్పు ప్రైమర్ కింద ఉండిపోతే అది తేమని లోపలికి లాక్కుంటుంది, కొన్నాళ్లకి చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. మంచి ఎపాక్సీ ప్రైమర్ వేసినా లేస్తాయి. ఉప్పు కంటికి కనపడదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

వరస ఇలా పెట్టుకోండి. ముందు మామూలు నీళ్లతో పైనుంచి కిందికి దుమ్ము పోయేలా కడగండి. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు కొద్దిగా కలిపిన నీళ్లతో మెత్తటి నైలాన్ బ్రష్ పెట్టి తోమండి. కాస్టిక్ సోడా మాత్రం వద్దు, జింక్‌ని ఆమ్లమూ తింటుంది, క్షారమూ తింటుంది. చివరగా కడిగే నీళ్లు ముఖ్యం. సముద్రానికి దగ్గరున్న చాలా ఇళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆ నీళ్లతో కడిగి ఆరబెడితే ఉప్పు తీసినచోట మళ్లీ ఉప్పు రాసినట్టే. మున్సిపల్ కుళాయి నీళ్లతోనే ఆఖరి కడుగుడు చేయండి. నేను రివెట్ల వరసల దగ్గర మాత్రం ఇంట్లో ఆర్వో నీళ్లు పోసి కడిగాను.

ఆరిన తర్వాత జిడ్డు తుడవడం. దీనికి వాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్ అని పెయింట్ షాపులో దొరుకుతుంది. రెండు గుడ్డలు పెట్టుకోండి, ఒకదాన్ని తడిపి తుడవాలి, అది ఆరకముందే రెండో పొడి గుడ్డతో తుడిచేయాలి, లేకపోతే కరిగిన జిడ్డు మళ్లీ అక్కడే ఆరిపోతుంది. పెట్రోలు, కిరోసిన్ వాడకండి, ఆరాక వాటి నూనె రేకు మీద మిగులుతుంది. మెకానిక్ షెడ్లలో వాడే వేస్ట్ కాటన్ కూడా వద్దు, పీచు రాలుతుంది. పాత తెల్ల బనియన్లు ఉతికి వాడండి.

జిడ్డు పోయిందో లేదో తెలియాలంటే నీళ్లు చల్లి చూడండి. నీళ్లు రేకంతా ఒకే పొరలా పరుచుకుని నిలిస్తే శుభ్రం. తామరాకు మీద లాగా బొట్లు బొట్లుగా విడిపోతే ఇంకా జిడ్డుంది, మళ్లీ మొదలుపెట్టాలి. మా బండి వెనక తలుపు మూడుసార్లు చేయాల్సి వచ్చింది, పాత యజమాని అక్కడ సిలికాన్ పాలిష్ కొట్టి ఉంటాడు.

రేకు మీద తెల్లగా పొడిలా ఉంది, అదేమిటి?

తెల్ల తుప్పు. రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు మధ్యలో నీళ్లు నిలిచి, గాలి తగలక జింక్ అలా పొడిగా మారుతుంది. దాని మీద రంగు వేస్తే పొడి మీద వేసినట్టే. గట్టి నైలాన్ బ్రష్‌తో పొడిగా ఉండగానే దులపండి, మిగిలినదాన్ని వెనిగర్ తడిపిన గుడ్డతో రుద్ది వెంటనే బాగా నీళ్లతో కడిగేయండి. ఇనుప తీగల బ్రష్ వాడొద్దు. దాని ముక్కలు మెత్తటి జింక్‌లో దిగి అక్కడే ఉండిపోయి, రేపు అవే తుప్పు చుక్కలుగా బయటికొస్తాయి.

మేస్త్రి బాత్రూమ్ యాసిడ్ పోసి కడిగితే రంగు బాగా పడుతుంది అంటున్నాడు. చేయొచ్చా?

చేయకండి. "వద్దు" అని గట్టిగానే చెప్పండి. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. బుసబుసమని పొంగుతుంటే శుభ్రమవుతున్నట్టు కనిపిస్తుంది, పొంగేది మీరు డబ్బు పెట్టి కొన్న జింక్. పైగా కీళ్లలో, రివెట్ల కింద క్లోరైడ్ మిగిలిపోతుంది, అంటే సముద్రం చేసే పని మనమే చేసినట్టు.

ఎంత రుద్దాలి? ఏ పేపర్?

జీఐ రేకుకి మన దేశంలో ఐఎస్ 277 అనే ప్రమాణం ఉంది. అందులో 275 అంటే చదరపు మీటరుకి రెండు వైపులా కలిపి 275 గ్రాముల జింక్, అంటే ఒక్కో వైపు సుమారు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 120 రకమైతే ఒక్కో వైపు 8 మైక్రాన్లే. తల వెంట్రుక కంటే ఎంత పలుచనో ఆలోచించండి. అందుకే గ్రైండర్‌కి ఎమరీ డిస్క్ తగిలించి తోయడం నేరం. ఒక్క నిమిషంలో జింక్ అంతా పోయి ఉక్కు బయటపడుతుంది.

చేత్తోనే, 240 నంబర్ పేపర్‌తోగానీ ఎర్ర రంగు స్కాచ్ బ్రైట్‌తోగానీ, మెరుపు చచ్చి సమంగా మసకబారేంత వరకు రుద్దండి. ఎక్కడైనా మెరుపు మిగిలితే అక్కడే పెచ్చు లేస్తుంది. పక్కనుంచి టార్చి వేసి చూస్తే మిగిలిన చోట్లు తెలుస్తాయి. అంచుల దగ్గర, మడతల దగ్గర చెయ్యి తేలిగ్గా పెట్టండి. రుద్దాక దుమ్ము దులిపి ఇంకోసారి గ్రీజ్ రిమూవర్‌తో తుడిచి, అదే పూట ప్రైమర్ వేసేయాలి. మన గాలిలో తాజా జింక్ మీద మళ్లీ పొర కట్టడానికి ఎక్కువసేపు పట్టదు. అందుకే బండి మొత్తం ఒకేసారి రుద్దుకోకుండా ఒక రోజుకి ఒక పక్క అని పెట్టుకున్నాం.

వాష్ ప్రైమర్ వేయాలా, ఎపాక్సీ వేయాలా?

వాష్ ప్రైమర్, కొందరు ఎచ్ ప్రైమర్ అంటారు, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న పలుచని ప్రైమర్. అది జింక్‌ని కొద్దిగా కొరికి పట్టుకుంటుంది. 8 నుంచి 12 మైక్రాన్ల మందమే ఉండాలి, కింద రేకు కొద్దిగా కనపడుతూనే ఉండాలి. రేకు కనపడుతోందని మందంగా కొడితే అదే మధ్యలో చీలిపోతుంది.

ఎపాక్సీ ప్రైమర్ రెండు డబ్బాలు, అంటే ప్రైమరూ దాన్ని గట్టిపరిచే హార్డెనరూ, కలిపి వేసేది. రుద్దిన జింక్ మీద నేరుగా నిలుస్తుంది, నీటిని బాగా ఆపుతుంది. అయితే డబ్బా మీదో, తయారీదారు ఇచ్చే డేటా షీటులోనో జీఐ మీద వేయొచ్చని రాసి ఉందో లేదో చూసుకుని కొనండి.

రెండూ ఒకదాని మీద ఒకటి వేస్తే ఇంకా గట్టిగా ఉంటుందనుకోవడం చాలామంది చేసే తప్పు. వాష్ ప్రైమర్‌లోని ఆమ్లం, దాని మీద వేసే ఎపాక్సీ హార్డెనర్‌ని పనిచేయనివ్వకపోవచ్చు, అప్పుడు ఎపాక్సీ సరిగా గట్టిపడదు. తయారీదారు తన షీటులో స్పష్టంగా రాస్తే తప్ప కలపకండి. వాష్ ప్రైమర్ వేస్తే దాని మీద పీయూ (పాలీయురేథేన్) ఫిల్లర్ ప్రైమర్ వేయండి. ఎపాక్సీ వేస్తే రేకు మీద నేరుగా వేయండి. ఉప్పుగాలి ఊరికి నా ఓటు ఎపాక్సీకే. ఆరాక 50 మైక్రాన్లకి తగ్గకుండా, రెండు కోట్లుగా వేయండి.

ఎర్ర తుప్పు వచ్చిన చోట్లు, కోసిన అంచులు?

ఎర్ర తుప్పు ఉందంటే అక్కడ జింక్ అయిపోయిందని అర్థం. ఆ ఒక్క చోట తెల్ల ఇనుము కనపడేదాకా రుద్ది, ముందు అక్కడికే బ్రష్‌తో ఎపాక్సీ ప్రైమర్ వేసి, తర్వాత మొత్తానికి వేయండి. కోసిన అంచులకి, రివెట్ తలలకి, మడతలకి కూడా స్ప్రే గన్ కంటే ముందు బ్రష్‌తో ఒక పట్టీలా వేయండి. గన్‌తో కొట్టిన రంగు పదునైన అంచు మీద నిలవకుండా వెనక్కి లాగేసుకుంటుంది, తుప్పు మొదలయ్యేది ఎప్పుడూ అక్కడే.

పుట్టీ ఎప్పుడు పెట్టాలి?

ఎపాక్సీ ప్రైమర్ ఆరాక, దాన్ని కొద్దిగా రుద్ది, దాని మీద. మామూలు పాలిస్టర్ పుట్టీ నేరుగా జింక్ మీద పెడితే ముక్కగా ఊడుతుంది. పుట్టీ రుద్దడం అయ్యాక దాని మీద మళ్లీ ప్రైమర్ వేయాలి, పుట్టీ నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి ఆ దశలో తడిపి రుద్దకండి.

విశాఖలో ఏ నెలలో, ఏ టైమ్‌లో వేయాలి?

డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి చివరి వరకు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాల టెన్షన్, హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న కదా, ఆ రోజుల్లో టార్పాలిన్ షెడ్డుని నమ్ముకుని బండి విప్పకండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండకి రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, ప్రైమర్ గన్ నుంచి వెళ్లి రేకుని చేరేలోపే ఆరిపోయి ఇసకలా పడుతుంది.

నెల కంటే గంట ముఖ్యం. గాలిలో తేమ 85 శాతం దాటితే వేయొద్దు. దాంతోపాటు రేకు వేడి, గాలిలోని తేమ నీళ్లుగా మారి మంచులా పట్టే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. ఒక లెక్క చెప్తాను. గాలి 28 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే మంచు పట్టేది సుమారు 24 డిగ్రీల దగ్గర. అంటే రేకు 27 పైన ఉండాలి. పొద్దున్నే ఆరింటికి బండి పైకప్పు గాలి కంటే చల్లగా ఉంటుంది, చెయ్యి రాస్తే తడి తెలుస్తుంది, కొన్నిసార్లు తెలియకుండా కూడా ఉంటుంది. మేం తొమ్మిది దాటాక నీడ ఉన్న పక్క మొదలుపెట్టి, మధ్యాహ్నం రెండింటికల్లా గన్ కడిగేసేవాళ్లం. సాయంత్రం తేమగాలికి ఆరని ఎపాక్సీ మీద జిగురులాంటి తెల్లపొర వస్తుంది. వస్తే కంగారు పడకండి, మర్నాడు గోరువెచ్చని నీళ్లతో స్కాచ్ బ్రైట్ పెట్టి కడిగేయండి, అది తీయకుండా పై కోటు మాత్రం వేయకండి.

ఎంత ప్రైమర్ కొనాలి?

6 మీటర్ల బండికి రెండు పక్కలు, పైకప్పు, ముందు వెనక కలిపి, కిటికీలు తీసేస్తే సుమారు 40 చదరపు మీటర్లు. సగం ఘనపదార్థం ఉన్న ఎపాక్సీ 50 మైక్రాన్ల మందానికి లీటరుకి 10 చదరపు మీటర్లు రావాలి, గాలిలో పోయేది తీస్తే ఆరు, ఆరున్నరే వస్తుంది. కాబట్టి 6 నుంచి 7 లీటర్లు, హార్డెనర్‌తో కలిపి. కలిపాక డబ్బా మీద రాసినంతసేపు పక్కన ఉంచి అప్పుడు వాడండి. ఎండలో పెడితే చిక్కబడిపోతుంది, ఒకసారికి లీటరు కంటే ఎక్కువ కలపొద్దు.

కీళ్లకి సీలెంట్ ముందా, ప్రైమర్ ముందా?

ప్రైమర్ ముందు. దాని మీద పీయూ సీలెంట్, ఆ పైన రంగు. పాత సిలికాన్ ఉంటే బ్లేడుతో మొత్తం తీసేయండి, సిలికాన్ మీద ఏ రంగూ నిలవదు, దాని జిడ్డు పక్కన ఉన్న రేకుకి పాకినా గుంటలు గుంటలుగా పడుతుంది.

మాస్క్ తప్పనిసరా? వెల్డింగ్ తర్వాత పాలు తాగితే సరిపోదా?

సరిపోదు. జీఐ మీద వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్లపొగ జింక్ ఆక్సైడ్, అది పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలిజ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. పాలు కడుపులోకి వెళ్తాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. వెల్డింగ్ చేసే చోట చుట్టూ జింక్ ముందే రుద్ది తీసి, గాలి ఆడే చోట, తగిన మాస్క్‌తో చేయాలి. పని చేసే కుర్రాడికి కూడా మాస్క్ మీరే కొనివ్వండి, అడగడానికి మొహమాటపడతాడు.

పాత రంగు రుద్దేటప్పుడు పొడిగా రుద్దకండి. పాత ప్రైమర్లలో క్రోమేట్, సీసం ఉండొచ్చు, క్రోమేట్ దుమ్ము క్యాన్సర్ కారకం. తడిపి రుద్దండి, ఆ మట్టిని గెడ్డలోకి వదలకుండా గుడ్డతో ఎత్తి విడిగా పెట్టండి. ఇక పీయూ రంగుల హార్డెనర్‌లో ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది, ఒకసారి పడకపోతే జీవితాంతం ఉబ్బసం. మూతికి కట్టే గుడ్డ, దుమ్ము మాస్క్ దానికి అడ్డు కావు. బయటి నుంచి గాలి అందించే మాస్క్ లేకపోతే పీయూ పై కోటుని ఆ సామాను ఉన్న పెయింటింగ్ బూత్‌లో కొట్టించండి. మేం ఎపాక్సీ వరకే ఇంట్లో, అదీ కార్ట్రిడ్జ్ మాస్క్‌తో చేసి, పై కోటుకి గాజువాక ఆటోనగర్ తీసుకెళ్లాం.

ప్రైమర్ నిజంగా పట్టిందని ఎలా తెలుస్తుంది?

బండి మొదలుపెట్టకముందే, అదే రేకు ముక్క మీద అదే విధంగా చేసి చూడండి. వారం ఆరనిచ్చి, కొత్త బ్లేడుతో ఒక మిల్లీమీటరు దూరంలో నిలువు ఆరు, అడ్డం ఆరు గీతలు రేకు దాకా దిగేలా గీయండి. గట్టి టేపు అంటించి ఒక్కసారి లాగండి. గడులన్నీ అలాగే ఉంటే పర్లేదు. అంచుల్లో కొద్దిగా రాలితే రుద్దడం చాల్లేదని అర్థం. గడులకి గడులే టేపుకి వచ్చేస్తే జిడ్డో క్రోమేటో మిగిలింది. నేను ఇంకో ముక్కని ఇలాగే గీసి బక్కెట్‌లో సముద్రపు నీళ్లలో పది రోజులు ఉంచాను, గీతల పక్కన పొక్కు రాలేదని చూశాకే బండి మీద గన్ పట్టుకున్నాను.

రంగు మారిస్తే ఆర్టీవోకి చెప్పాలా?

చెప్పాలి. ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది, బండికి చేసే మార్పుల గురించి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో ఉంది. బూత్‌కి తీసుకెళ్లకముందే ఆ పని చూసుకోండి.

ప్రైమర్ వేసి, డబ్బు సమకూరాక రంగు వేయించొచ్చా?

ఎండలో వద్దు. ఎపాక్సీ ఎండకి సుద్దలా పొడిబారుతుంది. డేటా షీటులో రాసిన గడువు దాటితే 320 పేపర్‌తో మళ్లీ రుద్ది, తుడిచి, అప్పుడే పై కోటు. నెలలు ఆగాల్సి వస్తే బండి నీడలో పెట్టి కప్పండి. కప్పే టార్పాలిన్ మాత్రం రేకుకి ఆనకుండా మధ్యలో కర్రలు పెట్టండి, ఆనిన చోటల్లా చెమ్మ పడుతుంది.